బ్రాకెట్ల మధ్య

బర్న్‌లీలో వాన కూడా నిదానంగా టైపు చేస్తుంది.
మూతపడ్డ కార్పెట్ల కొట్టు మీది గదిలో
నేను రాక్షసుల చప్పుళ్ళకి అక్షరాలు కుడుతుంటాను,
నిమిషానికింతని.

"బూడిద కాపరులు", ఆరో సీజను, ఆఖరి భాగం.
గురువారం వచ్చింది ఫైలు,
ఎవరికీ చెప్పనని నా చేత సంతకం పెట్టించుకుని.
అక్క మారెన్, వేటకత్తె.
తమ్ముడు టోబిన్ ఒంట్లోకి మూడు సీజన్ల కిందట దూరింది అది.
ఇప్పుడిక అతనెంతో, అదెంతో తేల్చడానికి
ఎముక పిడి కత్తి తప్ప దారి లేదు.

ఇంగ్లీషు నాకిచ్చేది ఒకటే మాట.
[గుర్రుమంటుంది]
మళ్ళీ [గుర్రుమంటుంది]
నా నోట్లో మాత్రం బుసబుస, గరగర,
పళ్ళ పటపట, గోళ్ళ బరబర,
గొంతులో ఏదో ఉడుకుతున్న కుతకుత
రేషను షాపు ముందు జనంలా వరసకట్టి నిలబడతాయి.
ఒక్కదాన్నీ లోపలికి పంపలేను.
ముప్పయ్యేడు అక్షరాలు, రెండు వరసలు, అంతే జాగా.

నలభై ఒకటో నిమిషం.
పాడుబడ్డ ఈతకొలను. అడుగున టోబిన్, మోకాళ్ళ మీద.
సంగీతం తెగిపోయింది.
మారెన్ వంగి ఏదో అంది.
పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.
స్క్రిప్టులో వెతికాను, అక్కడ ఖాళీ.
నిర్మాతల ఆఫీసుకి రాశాను. జవాబు ఒక ముక్క:
"చెవికి అందనిది రాయొద్దు."
సరే.
[మాటలు వినబడవు]
తర్వాత కత్తి. [ఊపిరి] తర్వాత [తలుపు మూసుకుంది]
బిల్లు పంపాను.

ఆదివారం రాత్రి తొమ్మిదికి, పక్కింటి ఎల్సీ హావర్త్ దగ్గర.
ఎనభై ఆరేళ్ళు. పదిహేనో ఏట మిల్లులో చేరితే
మగ్గాలు ఆవిడ చెవులు రెండూ జీతంలోంచి కోసుకున్నాయి.
టీవీ గొంతు నొక్కేసి చూస్తుంది.
నా అక్షరాల్లో తప్పు దొరికితే
మా మధ్య గోడని చేతికర్రతో కొడుతుంది.
ఒళ్ళో అల్లం బిస్కెట్ల డబ్బా.
టోబిన్ చస్తాడని రెండో సీజన్లోనే తెలుసట ఆవిడకి:
"మరీ అందంగా తల దువ్వుకుంటాడు వాడు."

నా బ్రాకెట్లు వచ్చాయి, వెళ్ళాయి.
బిస్కెట్టు ఆవిడ చేతిలో సగంలో ఆగింది.
"వినబడకపోవడమేంటి," అంది,
"కోటు వేసుకో, బయట చలిగా ఉంది, అంది గదా ఆ పిల్ల."

ఎలా తెలుసని అడగలేదు నేను.
నాలుగొందల మగ్గాలు దడదడలాడే షెడ్డులో
పెళ్ళి సంబంధాలూ అప్పులూ కడుపుపోయిన కబుర్లూ
పెదవుల మీదే మోసిన ఆడవాళ్ళలో ఒకతె ఆవిడ.
ఫోర్‌మన్ అటు తిరిగితే చాలు,
ఆ గోడ నుంచి ఈ గోడకి ఒక జోకు నడిచొచ్చేదట.

కోటు వేసుకో.
ఆరు సీజన్లు. నూట మూడు దెయ్యాలు, లెక్క నాదే.
పొడిచేముందు అక్క తమ్ముడితో అన్నది ఇదీ.
పైగా వాడు వేసుకున్నాడు, ఇప్పుడు చూశాను:
ఎడం చెయ్యి ఒక్కసారి, లేని కోటు చేతిలోకి దూరినట్టు
గాల్లోకి లేచింది.
గురువారం ఆ కదలికని పదకొండుసార్లు చూసి
రాక్షసుడి తెగింపు అనుకున్నాను.

తెర మీద పేర్లు పాకుతున్నాయి. నాది ఉండదు.
బుధవారం మళ్ళీ వేస్తారు, ఈలోపు దిద్దొచ్చు.
దిద్దకూడదు కూడా.
ఎల్సీ డబ్బాకి మూత పెట్టింది.
"మరి ఆ తలుపు," అంది, "మూసుకుందని రాశావు.
ఎలా మూసుకుందో రాయలేదు."

అలవాటు కొద్దీ ఇంగ్లీషులో వెతికాను.
తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని,
దీపాన్ని నా ముఖం మీదకి తిప్పి
నా మాటలోనే చెప్పాను:
కిర్రు... కిర్రు...
ధన్.

ఆవిడ నా పెదవుల్ని చూసింది.
ఇంకోసారి, అంది వేలితో.
చెప్పాను.
మూడోసారి ఆవిడ పెదవులే, గొంతు లేకుండా, మూశాయి ఆ తలుపుని.
చివరి పొల్లు దగ్గర నాలుక పళ్ళకి ఆనించి
కాసేపు అలాగే ఉంచింది,
అవతల ఇంకా ఎవరో నిలబడి ఉన్నట్టు.